‘నెట్ రావటం లేదు’ అంటే చాలదు



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం పేరు వినగానే “అదంతా మావారి వ్యవహారమండీ, పిల్లల వ్యవహారమండీ” అని రేడియో గొంతు తగ్గించెయ్యకండి. ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతే ముందు చిక్కులో పడేది మనమే. వారు ఆఫీసులో వుంటారు, పిల్లలు కాలేజీలో వుంటారు. గ్యాసు బుక్ చెయ్యాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, ఎక్కడో డల్లాస్‌లోనో సిడ్నీలోనో కాపురముంటున్న అమ్మాయి మొహం చూడాలన్నా ఇంట్లో మిగిలేది మనమూ, గోడకి తగిలించిన ఆ తెల్లపెట్టే. అది పని మానేసినప్పుడు తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క కనిపిస్తుంది. మనం దాన్ని చదవం. చప్పున మూసేస్తాం. ‘ఎర్రర్’ అనే మాట చూడగానే బళ్ళో పంతులుగారి ఎర్రసిరా గుర్తొస్తుంది కాబోలు, ఎవరో కసురుకున్నట్టుంటుంది. నిజానికి ఆ ముక్క మనల్ని తిట్టటానికి రాసింది కాదు. మనం పంపిన కబురు ఎందాకా వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో చెప్పటానికి రాసింది.

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మీకందరికీ తెలుసు. మనం వేసిన ఉత్తరం ఒక్కొక్కప్పుడు తిరిగి మన ఇంటికే వచ్చేది. కవరు మీద పోస్ట్‌మన్ ఒక ముక్క గిలికేవాడు. ‘ఇంటికి తాళం’, ‘ఇల్లు మారారు’, ‘ఈ పేరుగలవారు లేరు’, ‘చిరునామా చాలదు’, ‘పుచ్చుకోవటానికి నిరాకరించారు’. ఉత్తరం చేరలేదన్న సంగతి అయిదింటికీ ఒకటే. కాని మనం చెయ్యవలసిన పని అయిదింటికీ వేరు. తాళమైతే నాలుగు రోజులాగి మళ్ళీ వేస్తాం. ఇల్లు మారితే కొత్త చిరునామా కనుక్కుంటాం. చిరునామా చాలదంటే తప్పు మనదే, ఇంటి నెంబరు రాయటం మరిచాం. నిరాకరించారంటే మాత్రం ఇక ఉత్తరాలతో తేలే పని కాదు, మనిషిని పంపవలసిందే. ఆ ఒక్క ముక్క చదవకుండా కవరు చింపి పారేసి, “ఉత్తరం పోలేదండీ, ఈ పోస్టాఫీసువాళ్ళింతే” అని కూచుంటే ఏం లాభం చెప్పండి?

ఇంటర్నెట్ కూడా ఉత్తరాల వ్యవహారమే. మనం తెర మీద వేలు పెట్టగానే మన కోరిక చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి, ఒక్కొక్క పొట్లం మీద పంపినవారి నెంబరూ అందుకోవలసినవారి నెంబరూ రాసుకుని బయల్దేరుతుంది. దారిలో ఏదైనా అడ్డం వస్తే, ఆ పొట్లం ఆగినచోట వున్న యంత్రం ‘గమ్యం చేరరాకుండా వుంది’ అనో ‘గడువు తీరిపోయింది’ అనో ఒక తిరుగుచీటీ రాసి పంపుతుంది. ఈ చీటీలు ఎలా వుండాలో 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ అనే అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కాగితం మీద పెట్టాడు. ఆయన ఇంటిపేరులోనే పోస్టు వుంది చూశారా! అందులో ఒక ముచ్చటైన నియమం కూడా వుంది. తిరుగుచీటీయే దారిలో పోతే, దానికి మళ్ళీ ఇంకో చీటీ రాయరాదు. లేకపోతే చీటీలకు చీటీలు పుట్టి దారులన్నీ నిండిపోతాయి. మన ఇళ్ళల్లో మాటలకు మాటలు పెరిగినట్టన్నమాట.

చదవకపోవటం వల్ల ఎంత అవస్థ వస్తుందో నా సంగతే చెబుతాను. నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనకాల సందులో వుంటాం మేము. నాలుగేళ్ళ క్రితం మా చిన్నమ్మాయి పరీక్ష ఫీజు కట్టటానికి ఆఖరి రోజు. రాత్రి పన్నెండుగంటల దాకా గడువు. ఏడుగంటలకు కూచున్నాం, నెట్ ఆగిపోయింది. అందరూ చేసే పనే నేనూ చేశాను. స్విచ్చి ఆర్పాను, వేశాను. మూడుసార్లు. అయినా రాకపోతే పెట్టె వెనకాల చిన్న బెజ్జం కనిపించింది. పిన్నీసు పెట్టి నొక్కాను. దాంతో పెట్టె తన పేరూ, పాస్‌వర్డూ సమస్తం మరిచిపోయి, పుట్టినప్పటిలాగా అయి కూచుంది. కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి కుర్రవాడు మర్యాదగానే అడిగాడు: “అమ్మా, మొదట ఏ లైటు ఎర్రగా వుండింది? తెర మీద ఏమని వచ్చింది?” నేనేం చెప్పను? “నెట్ రావటం లేదు బాబూ” అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, జ్వరం ఎంతుంది, ఎప్పట్నుంచి, చలితో వచ్చిందా అని అడుగుతుంటే “ఒంట్లో బాగాలేదండీ” అని నాలుగుసార్లు చెప్పినట్టుంది.

మర్నాడు వచ్చినాయన పెట్టె పాడైందన్నాడు. కొత్త పెట్టెకి పద్ధెనిమిది వందలు పుచ్చుకున్నాడు. కొత్తదీ పలకలేదు. అప్పుడు వీధిలోకి వెళ్ళి చూస్తే, చెట్టుకొమ్మలు కొట్టేటప్పుడు స్తంభం దగ్గర తీగ తెగివుంది. పాత పెట్టె నిక్షేపంగానే వుండిందన్నమాట, నా పిన్నీసు దెబ్బ తప్పిస్తే. పద్ధెనిమిది వందల మాట అలా వుంచండి. పక్కింటి ఆపావాళ్ళది వేరే కంపెనీ లైను. ఆ రాత్రి వాళ్ళింట్లో నెట్ హాయిగా వుంది. తప్పు వీధిలో వుందని ఏడింటికే తెలిసివుంటే, రెండు నిమిషాల్లో వాళ్ళింటికి వెళ్ళి ఫీజు కట్టేసేవాళ్ళం. ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని పెట్టెముందు కాపలా కూచుని గడువు దాటబెట్టుకున్నాం. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పట్నుంచి నేర్చుకున్న విద్యే ఇది. మొట్టమొదట ఆ పెట్టెని చూడండి. కంపెనీవాళ్ళు దాన్ని ఓ.ఎన్.టి. అంటారు, మనం వైఫై బాక్సంటాం, రూటరంటాం. ఏ పేరైనా సరే, దాని మొహం మీద వరసగా చిన్న దీపాలుంటాయి. అన్నీ నేర్చుకోనక్కర్లేదు. రెండు చాలు. ఒకటి ‘పాన్’, రెండోది ‘లాస్’. ఈ లాస్ అంటే డబ్బు నష్టం కాదు, ‘సంకేతం పోయింది’ అనటానికి మూడు ఇంగ్లీషు పొడి అక్షరాలు. ఇవాళ మన ఇళ్ళలోకి వచ్చే తీగలో రాగి లేదు. వెంట్రుకంత సన్నని గాజుపోగు వుంటుంది. అందులోంచి కంటికి కనపడని కాంతి వస్తుంది. ఆ కాంతి అందినంతసేపూ లాస్ దీపం ఆరివుంటుంది. అందకపోతే ఎర్రగా మిణుకుమిణుకుమంటుంది. అంతకంటే స్పష్టమైన సందేశం ఇంకేముంటుంది? వీధిలోంచి వెలుగు రావటంలేదని చెబుతోంది. ఇక మీరు స్విచ్చి వందసార్లు ఆర్పి వేసినా, పాస్‌వర్డ్ మార్చినా, ఫోన్ మార్చినా ప్రయోజనం వుండదు. ఇంట్లో చెయ్యగలిగింది ఒక్కటే. పెట్టె వెనకనుంచి గోడదాకా వున్న ఆ సన్నతీగని చూడటం. బీరువా దానిమీదికి జరిగిందా? ఊడ్చేటప్పుడు చీపురు తగిలి మూతి వదులైందా? మడత పడిందా? గాజుపోగు గదా, మడత పెడితే ఒప్పుకోదు. ఊడిన మూతిని మాత్రం కంటికి దగ్గరగా పెట్టుకుని చూడకండి. వెలుగు కనపడదు గాని, కంటికి మంచిది కాదు. తీగ బాగానే వుంటే ఇక కంపెనీకి ఫోన్ చెయ్యటమే.

లాస్ ఆరివుండి, పాన్ కదలకుండా పచ్చగా వుందనుకోండి. అప్పుడు మీ పెట్టే, కంపెనీవారి యంత్రమూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయని అర్థం. తీగ క్షేమం. తప్పు మరోచోట వుంది. పాన్ పచ్చగా కొట్టుకుంటూనే వుంటే, గుర్తుపట్టటానికి ఇంకా ప్రయత్నిస్తోందని.

ఈ తేడా కొత్తదేం కాదు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బాండ్ వచ్చిన కొత్తలో టెలిఫోను తీగమీదే నెట్ నడిచేది. ఆ శాఖ పెద్ద కార్యాలయం దూర్ సంచార్ భవన్ మన నాంపల్లి స్టేషన్ రోడ్డులోనే గదా. అప్పట్లో కంప్యూటరు రెండు అంకెలతో ప్రాణం తీసేది, 678, 691. 678 అంటే అవతలి యంత్రం పలకలేదని. తీగో, మోడెమో చూసుకోవాలి. 691 అంటే అవతలి యంత్రం పలికింది గాని, మీ పేరూ పాస్‌వర్డూ ఒప్పుకోలేదని. తీగ భేషుగ్గా వుందన్నమాట. పాస్‌వర్డ్ తప్పు కొట్టి వుంటారు, లేదా ఖాతా ఆగివుంటుంది. ఒకదానికి లైన్‌మన్ కావాలి, ఒకదానికి అక్కర్లేదు. ఆ రెండంకెలు తెలియక లైన్‌మన్ కోసం వారంరోజులు ఎదురుచూసినవారెందరో.

ఇక ఫోన్ సంగతి. వైఫై గుర్తు కింద ‘కనెక్టెడ్, నో ఇంటర్నెట్’ అని వస్తుంది చూడండి, అది తిట్టులాగా కనిపించే మంచి సమాచారం. అందులో సగం శుభవార్త. మీ ఫోనుకీ పెట్టెకీ సఖ్యత బాగానే వుంది. పెట్టెకీ బయటికీ కుదరలేదు. అంచేత ఫోన్‌ని తిప్పలు పెట్టకండి, పెట్టె దగ్గరికి వెళ్ళి దీపాలు చూడండి. అసలు వైఫై పేరే కనిపించకపోతేనో, పాస్‌వర్డ్ తప్పంటేనో గొడవ ఇంట్లోదే.

పేర్ల విషయంలో వచ్చే సందేశం ఒకటుంది. క్రోమ్‌లో తెలుపుమీద ‘డి.ఎన్.ఎస్.’ అనే మూడక్షరాలతో మొదలవుతుంది. వెనకటికి 197కి ఫోన్ చేసి ఫలానావారి నెంబరెంతండీ అని అడిగేవాళ్ళం, జ్ఞాపకముందా? ఇంటర్నెట్‌లో కూడా నిజమైన చిరునామాలు అంకెలే. మనం పేరు కొడితే, ఒక డైరెక్టరీ ఆ పేరుకి నెంబరు వెతికి ఇస్తుంది. ‘ఎన్.ఎక్స్.డొమైన్’ అని వస్తే ఆ పేరు డైరెక్టరీలో లేదని. పదింట తొమ్మిదిసార్లు మనం అక్షరం తప్పు కొట్టివుంటాం. ముందు స్పెల్లింగు చూసుకోండి. ఏ పేరు కొట్టినా అదే వస్తుంటే మాత్రం డైరెక్టరీయే అందుబాటులో లేదన్నమాట. పెట్టెని ఒకసారి ఆర్పి, అర నిమిషం ఆగి వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఆర్పటం తప్పని నేననను. చదివి, రాసుకుని, తర్వాత ఆర్పండి అంటున్నాను.

ఇంట్లో కంప్యూటరుంటే చెయ్యదగ్గ చిన్న పరీక్ష వుంది. పేరు పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం ప్రయోగశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన, నెట్‌వర్కు ఏదో పెంకితనం చేస్తుంటే దాన్ని పట్టుకోవటానికి రాశాడు. జలాంతర్గాములు నీళ్ళలోకి చప్పుడు పంపి, ప్రతిధ్వని వచ్చిన సమయాన్నిబట్టి ఎదుట ఏముందో పోల్చుకుంటాయి. ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. ‘ఓయ్’ అని పిలిచి, ‘ఆఁ’ అని జవాబొచ్చిందాకా లెక్కపెట్టటమన్నమాట. విండోస్ కంప్యూటర్లో వెతికే చోట సి, ఎం, డి అని మూడక్షరాలు కొడితే నల్లని కిటికీ తెరుచుకుంటుంది. భయపడకండి, అది పలక లాంటిది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పెట్టె నెంబరు కొట్టండి. చాలా ఇళ్ళలో అది 192.168.1.1. లేకపోతే పెట్టె అడుగున చీటీమీద వుంటుంది. నాలుగుసార్లు పిలుస్తుంది. నాలుగు జవాబులొస్తే ఇంట్లో దారి బాగున్నట్టే. తర్వాత 8.8.8.8 అనే నెంబరు పిలవండి. అది గూగుల్‌వారిది, నాలుగు ఎనిమిదులు గనక మరచిపోయే భయం లేదు. అదీ పలికితే మీ ఇంటినుంచి లోకానికి దారి వుంది. మూడోసారి ఏదైనా వెబ్‌సైటుని పేరుతో పిలవండి. నెంబరు పలికి పేరు పలకకపోతే, తప్పు డైరెక్టరీది. మూడు పిలుపులతో మూడు మజిలీలు తేలిపోతాయి.

జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కూడా అక్కడే వుంటుంది, సెకనులో వెయ్యోవంతు లెక్కన. సొంత పెట్టె రెండు మూడు వంతుల్లో పలకాలి. మూడు వందలు పట్టిందనుకోండి, కంపెనీని తిట్టి లాభంలేదు, తప్పు మన గోడల్లో వుంది. నాంపల్లి, చిరాగలీ లేను ప్రాంతాల్లో పాత ఇళ్ళ డంగుసున్నం గోడలు ఎంతెంత మందమో మీకు తెలియనిదా? వైఫై వాటిని దాటలేక ఆయాసపడుతుంది. వంటింట్లో మైక్రోవేవ్ తిరిగినంతసేపూ కూడా కొన్ని వైఫైలు తడబడతాయి, రెండూ దగ్గరదగ్గర తరంగాలు వాడుతుంటాయి గనక. మా అమ్మాయితో మాట్లాడుతుంటే మాట తెగిపోతోందని నెలరోజులు బాధపడి, చివరికి మావారు పాలు వేడిచేసుకునే వేళకి తెగుతోందని కనిపెట్టాను.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. జవాబు రానప్పుడు రెండురకాల మాటలొస్తాయి. ఒకటి ‘అన్‌రీచబుల్’, చేరరానిది. రెండోది ‘టైమ్డ్ అవుట్’, గడువు మించింది. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. కావు. మొదటిదాంట్లో ఎవరో ఒకరు వెనక్కి వచ్చి “అటు దారి లేదమ్మా” అని చెప్పారు. చెప్పినవారి నెంబరు కూడా ఆ వాక్యంలోనే వుంటుంది, కాస్త కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి. మీ కంప్యూటరు నెంబరే వుంటే, ఇల్లు కూడా దాటలేదన్నమాట. రెండోదాంట్లో ఎవరూ రాలేదు. పంపిన మనిషి తిరిగి రాలేదు, కబురూ లేదు. దారిలో పోయాడో, అవతలివాళ్ళు కావాలనే తలుపు తియ్యలేదో చెప్పలేం. కొన్ని పెద్ద వెబ్‌సైట్లు ఇలాంటి పిలుపులకి పలకకూడదనే నియమం పెట్టుకుంటాయి కూడాను. అంచేత ఒక్క మౌనాన్ని చూసి తీర్పు చెప్పకండి, ఇంకో ఇద్దర్ని పిలిచి చూడండి.

దారిలో ఎక్కడ పోయాడో తెలుసుకునే ఉపాయం కూడా వుంది, ట్రేస్ రూట్ అంటారు. 1980ల చివర్లో వాన్ జేకబ్సన్ అనే ఆయన తయారుచేశాడు. ఎంత తెలివిగా చేశాడో చూడండి. నాంపల్లి స్టేషన్‌లో బొంబాయి బండి ఎక్కుతున్నామనుకోండి. మొదటి మనిషికి బేగంపేట దాకానే టిక్కెట్టు కొనిస్తారు. అక్కడ టిక్కెట్టు తీరిపోతే, ఆ స్టేషన్‌వారు దింపేసి “మీవాడి గడువు ఇక్కడితో సరి” అని చీటీ పంపుతారు. రెండోవాడికి లింగంపల్లి దాకా, మూడోవాడికి వికారాబాదు దాకా, నాలుగోవాడికి తాండూరు దాకా. వచ్చిన చీటీలన్నీ వరసగా పేర్చుకుంటే దారంతా మన ముందు పరుచుకుంటుంది. వికారాబాదునుంచి చీటీ వచ్చి, ఆ తర్వాత ఏ ఒక్కచోటినుంచీ రాకపోతే గొడవ అక్కడ. మధ్యలో ఒక స్టేషన్‌కి బదులు చుక్కగుర్తులొచ్చి తర్వాతివి మామూలుగా వస్తే గాబరా పడకండి. ఆ స్టేషన్‌మాస్టరు చీటీలు రాసే రకం కాదు, అంతే. ఇంత పరీక్ష రోజూ మనకక్కర్లేదు గాని, కంపెనీవారు చెయ్యమంటే ఏం చేస్తున్నామో తెలిసి చేస్తాం.

దారి బాగుండి అవతలివారి దగ్గర తేడా వస్తే మూడంకెల సందేశాలొస్తాయి. ఆదివారంనాడు ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాతపుస్తకాల బజారు పెడతారు గదా. అక్కడికి వెళ్ళి ఒక పుస్తకం అడిగారు. “ఆ పుస్తకం లేదమ్మా” అన్నాడు. అది 404. కొట్టుంది, మనిషున్నాడు, మనం అడిగింది లేదు. “వుందిగాని అమ్మేది కాదు” అన్నాడు. అది 403. కొట్టుముందు జనం విరగబడివున్నారు, “అరగంటాగి రండమ్మా” అన్నాడు. అది 503. “అయ్యో, గోనె సంచి చినిగి పుస్తకాలన్నీ కలిసిపోయాయి” అన్నాడు. అది 500. వీటిల్లో దేనికీ మన ఇంటి పెట్టెతో సంబంధం లేదు. మీకు 404 కనిపించిందంటే మీ ఇంటర్నెట్ దివ్యంగా వుందని రూఢి. కొట్టుదాకా వెళ్ళి జవాబు తెచ్చింది గదా! పరీక్ష ఫలితాల రోజున 503 వస్తే పిల్లలు రూటరు పీకి పెడుతుంటారు. పీకనివ్వకండి. కాస్సేపాగి చూడమనండి.

ఇంకోరకం సందేశముంది. ఇది మాత్రం ఆగి చదవవలసింది. ‘మీ కనెక్షన్ గోప్యంగా లేదు’ అని ఎర్ర గుర్తుతో వస్తుంది. బ్యాంకు పేరుతో ఎదురుగా వున్న వెబ్‌సైటు నిజంగా ఆ బ్యాంకేనని చూపే గుర్తింపుకార్డు సరిపోలేదని దాని అర్థం. అన్నిచోట్లా ఒకేసారి వస్తుంటే ముందు మీ ఫోన్‌లో తేదీ చూడండి. తేదీ వెనక్కిపోయివుంటే దానికి అందరి కార్డులూ చెల్లనివిగానే కనిపిస్తాయి. తేదీ సరిచేస్తే పోతుంది. నాంపల్లి స్టేషన్‌లాంటి చోట్ల ఉచిత వైఫై పట్టుకున్నప్పుడు, ముందు ఫోన్ నెంబరిచ్చి ఓ.టి.పి. కొట్టకపోయినా ఇలాంటిది రావచ్చు. తేదీ బాగుండి, ఇంట్లోనే వుండి, బ్యాంకు దగ్గర మాత్రమే వస్తే ఇక ముందుకు నడవకండి. ‘అయినా వెళ్తాను’ అనే మాట అడుగున చిన్న అక్షరాల్లో వుంటుంది. దాని జోలికి పోవద్దు.

దొంగ సందేశాల మాట కూడా చెప్పాలి. ఏదో వెబ్‌సైటు చూస్తుంటే హఠాత్తుగా తెరంతా ఎర్రబడి, సైరన్ మోగి, ‘మీ కంప్యూటర్లో వైరస్, వెంటనే ఈ నెంబరుకి ఫోన్ చెయ్యండి’ అని వస్తుంది. గుర్తుపట్టటం కష్టమేమీ కాదు. నిజమైన సందేశం గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఇది ఆగింది, ఇందుకు ఆగింది అంటుంది. ఫోన్ నెంబరివ్వదు, డబ్బడగదు, తొందరపెట్టదు. అలాగే నెట్ ఆగిన కంగారులో కస్టమర్ కేర్ నెంబరు కోసం గూగుల్లో వెతక్కండి. అక్కడ దొంగ నెంబర్లు కాచుకుని వుంటాయి. మంచిగా మాట్లాడి, తెర చూపించే యాప్ ఏదో వేయించి, ఖాతా ఖాళీ చేస్తారు. మీ కంపెనీ నెంబరు బిల్లుమీద వుంటుంది. ఇవాళే చూసి పెట్టెమీద అంటించండి. పొరపాటున డబ్బు పోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. సిగ్గుపడి దాచుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

పోయిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత ఊళ్ళో కరెంటు స్తంభాలమీద వేలాడే కేబుళ్ళను కత్తిరించటం మొదలైంది. మన వీధుల్లో ఆ తీగలు సాలెగూళ్ళలాగా ఎలా వేలాడుతుంటాయో చూస్తూనే వున్నాం, తియ్యవలసినవే. కాని బతికున్న తీగలూ చచ్చిన తీగలూ కలిసే వున్నాయి. చాలా ఇళ్ళలో ఇంటర్నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాలుగుంబావుకి మా పెట్టెలో లాస్ దీపం ఎర్రబడింది. ఈసారి పిన్నీసు తియ్యలేదు. క్యాలెండరు వెనకాల రాసుకున్నాను: నాలుగుంబావు, లాస్ ఎరుపు, పాన్ ఆరింది, ఇంట్లో తీగ బాగుంది. కంపెనీకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అవతలి అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా “బయట తీగ పోయిందండీ, రెండు మూడు రోజులు పట్టొచ్చు” అని ఫిర్యాదు నెంబరిచ్చింది. మేడమీదివాళ్ళూ కిందివాళ్ళూ స్విచ్చిలు ఆర్పి వేస్తూ వుంటే, వెళ్ళి దీపం చూపించి ఆపాను. కిందివాళ్ళు అప్పటికే కొత్త పెట్టెకోసం జగదీష్ మార్కెట్‌కి బయల్దేరుతున్నారు. మా అమ్మాయికి ఫోన్ డేటామీదే ఒక ముక్క పంపించాను, మూడురోజులు మొహాలు చూసుకోవటం వుండదు, కంగారుపడకని.

మూడోరోజు మధ్యాహ్నం దీపం ఆరింది. ఆరితే సంతోషించే దీపం ఇంట్లో అదొక్కటే. ఇప్పుడు మా వాటాల్లో నెట్ ఆగితే “పోయింది, పోయింది” అని ఎవరూ అరవటంలేదు. పక్కింటి ఆపా పిట్టగోడమీంచి తొంగిచూసి ముందు అడిగేది ఒకటే: “లాల్ హై కి హరా?”